ఇరవై మూడెత్తుల పనితనం

టోర్నమెంటులో ఎవరు గెలిచారో పట్టిక చెబుతుంది. ఎలా ఆడారో తెలియాలంటే ఆటలు తెరవాల్సిందే. 2013 జనవరిలో నెదర్లాండ్స్‌లోని విక్ ఆన్ జీలో జరిగిన టాటా స్టీల్ చెస్ టోర్నీ పట్టికలో మొదటి పేరు మాగ్నస్ కార్ల్‌సన్‌ది. 13 రౌండ్లలో 10 పాయింట్లు సాధించి, 1999లో అదే ఊళ్ళో కాస్పరోవ్ నెలకొల్పిన రికార్డును అందుకున్నాడు. అప్పటి ప్రపంచ ఛాంపియన్ విశ్వనాథన్ ఆనంద్ 8 పాయింట్లతో, కర్యాకిన్‌తో కలిసి మూడో స్థానంలో నిలిచాడు. ఇన్నేళ్ళ తర్వాత ఆ టోర్నీ మాట వస్తే మాత్రం చదరంగం అభిమానులు ముందుగా తలుచుకునేది జనవరి 15న, నాలుగో రౌండులో, లెవాన్ అరోనియన్ మీద ఆనంద్ నల్ల పావులతో ఆడిన ఆటను. 23 ఎత్తుల్లో ముగిసిన ఆ ఆట పనితనం ఎలాంటిదో చెప్పడమే ఈ వ్యాసం పని.

ముందుగా ఆ ఊరి సంగతి. విక్ ఆన్ జీ ఉత్తర సముద్రం ఒడ్డున ఉన్న చిన్న ఊరు. పక్కనే పెద్ద ఉక్కు కర్మాగారం. అక్కడి ఉద్యోగుల చెస్ క్లబ్బు 1938లో పొరుగునున్న బెవర్‌వైక్‌లో మొదలుపెట్టిన పోటీయే ఇది. 1968లో విక్ ఆన్ జీకి మారింది. కర్మాగారం యాజమాన్యం మారినప్పుడల్లా టోర్నీ పేరూ మారింది: మొదట హూగోవెన్స్, తర్వాత కోరస్, 2011 నుంచి టాటా స్టీల్. ప్రపంచ అగ్రశ్రేణి గ్రాండ్‌మాస్టర్లు ఆడే హాల్లోనే వందలాది మామూలు ఆటగాళ్ళు కూడా తమ బల్లల దగ్గర కూర్చుని ఆడుకుంటారు. ముగింపు విందులో బఠాణీ సూపు వడ్డిస్తారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి కరువు రోజుల్లో మొదలైన ఆనవాయితీ అది.

ఈ టోర్నీతో మనకూ చుట్టరికం ఉంది. 2012లో బి గ్రూపు గెలిచిన గుంటూరు గ్రాండ్‌మాస్టర్ పెంటేల హరికృష్ణ 2013లో ఎ గ్రూపులో ఆడిన 14 మందిలో ఒకడు. 2022లో వరంగల్ కుర్రాడు ఎరిగైసి అర్జున్ బి గ్రూపు కొత్త పేరైన ఛాలెంజర్స్ విభాగాన్ని 13కి 10.5 పాయింట్లతో గెలిచి, ఆ మరుసటి ఏడు పై విభాగమైన మాస్టర్స్‌లో అడుగుపెట్టాడు. సంక్రాంతి రోజుల్లో మొదలై నెలాఖరు దాకా సాగే ఈ ఆటలు మన లెక్కన సాయంత్రం వేళ మొదలవుతాయి. ఆఫీసు నుంచి వచ్చి, కాఫీ తాగి, ఫోనులో బోర్డు తెరుచుకోవడానికి సరిగ్గా సరిపోయే సమయం.

ఇక ఆటలోకి వెళ్దాం. చదవడానికి కావలసింది కొంచెమే. గళ్ళను తెల్ల పావుల వైపు నుంచి చూస్తూ ఎడమ నుంచి కుడికి ఎ నుంచి హెచ్ దాకా, కింది నుంచి పైకి 1 నుంచి 8 దాకా లెక్కిస్తారు. ఐమూలగా నడిచే పావును ఇక్కడ శకటు అంటున్నాను. కొందరు ఒంటె అంటారు, కొందరు బిషప్ అంటారు. దగ్గర్లో చదరంగం బల్ల ఉంటే పరుచుకోండి.

అరోనియన్ అప్పటికి ప్రపంచంలో మొదటి ముగ్గురిలో ఒకడు. తెల్ల పావులతో అతణ్ణి ఓడించడమే కష్టం, నల్ల పావులతోనైతే చెప్పనక్కర్లేదు. డి4 బంటుతో మొదలైన ఆట సెమీ-స్లావ్ పద్ధతిలోకి, అందులో మెరాన్ అనే శాఖలోకి వెళ్ళింది. ఈ శాఖలో నల్లవైపు ఆడేవాడి ప్రధాన ఆలోచన ఒకటే. ముందు సి4లో ఉన్న తెల్ల బంటును తీసుకోవాలి, బి5కి బంటును తోయాలి, బి7లో శకటును నిలపాలి. ఆ శకటుకు ఎదురుగా సి6లో సొంత బంటే అడ్డంగా ఉంటుంది. సి6 బంటు సి5కి కదిలిన రోజున బి7 నుంచి హెచ్1 దాకా ఐమూల దారి మొత్తం తెరుచుకుంటుంది. ఆ క్షణం ఎప్పుడన్నదే మెరాన్‌లో అసలు ప్రశ్న.

ఆనంద్ పదో ఎత్తులో ఆ శకటును బి7లో పెట్టాడు. ఆట ముగిసేదాకా దాన్ని మళ్ళీ ముట్టుకోలేదు. ఈ సంగతి గుర్తుంచుకోండి.

పన్నెండో ఎత్తులో అరోనియన్ గుర్రాన్ని జి5కి దూకించాడు. హెచ్7 బంటు మీద గుర్రం, డి3 శకటు, దాని వెనక సి2 మంత్రి, మూడూ గురిపెట్టాయి. మామూలు ఆటగాడు ఇక్కడ బంటును ఎలా కాచుకోవాలా అని ఆలోచిస్తాడు. ఆనంద్ ఆ బెదిరింపును పట్టించుకోకుండా సి5 ఆడాడు. హెచ్7 పోతే పోనీ, బి7 శకటుకు దారి దొరికింది కదా అన్నది లెక్క. అరోనియన్ గుర్రం హెచ్7 బంటును తినేసింది. తిన్న చోటు నుంచే ఎఫ్8 ఏనుగు మీద, ఎఫ్6 గుర్రం మీద ఒకేసారి కన్నేసింది.

ఈ ఆట పనితనమంతా ఇక్కడి నుంచి ఒకే సూత్రం మీద నడుస్తుంది. చేతికి అందినదాన్ని ఆనంద్ అందుకోడు. హెచ్7 గుర్రాన్ని తన గుర్రంతో తీసుకోవచ్చు. తీసుకుంటే తెల్ల శకటు చెక్ చెబుతూ దాన్ని తీసుకుని, ఆ తర్వాత తీరిగ్గా ఇ4కి వచ్చి బి7 శకటుకు ఎదురు నిలుస్తుంది. ఒక బంటు నష్టం, పైగా తెరిచిన దారి మళ్ళీ మూసుకుపోవడం. అందుకని ఆనంద్ దాని జోలికి పోలేదు. ఎఫ్6 గుర్రాన్ని జి4కి పంపాడు. ఎఫ్8లో ఏనుగు తెల్ల గుర్రం నోటి ముందే ఉండిపోయింది.

అరోనియన్ వెంటనే ఆ ఏనుగును తీసుకుంటే? డి6 శకటు చెక్ చెబుతూ హెచ్2 బంటును తీసుకుంటుంది, వెనకే మంత్రి డి8 నుంచి హెచ్4కి దిగుతుంది. గుర్రాలు రెండూ తప్పుకోవడంతో మంత్రికి ఆ ఐమూల దారి అప్పటికే ఖాళీ అయింది. తెల్ల రాజుకు ఊపిరి తీసుకునే చోటుండదు. అరోనియన్ అది చూశాడు కాబట్టే ఏనుగు జోలికి పోకుండా బంటును ఎఫ్4కి తోసి డి6 శకటు దారికి అడ్డం కట్టాడు.

ఆ దారి మూసుకుంటే శకటు ఇంకో దారి వెతుక్కుంది. డి4లో బంట్లు మారాక, పదిహేనో ఎత్తులో ఆనంద్ దాన్ని సి5లో, నేరుగా డి4 తెల్ల బంటు దెబ్బ తగిలే గడిలో పెట్టాడు. ఏనుగు ఇంకా గాల్లోనే ఉంది, ఇప్పుడు శకటు కూడా. బంటు ఆ శకటును తింటే డి7 గుర్రం తిరిగి సి5లో తీసుకుంటుంది. డి వరుస మొత్తం తెరుచుకుని, నల్ల మంత్రి చెక్ చెబుతూ డి4లో దిగడానికి సిద్ధమవుతుంది. డి4 బంటు అక్కడి నుంచి కదలకూడదు, కదిలితే రాజు ముందు తలుపు తెరుచుకుంటుంది. శకటు సి5లో కూర్చోవడంతో బయటపడిన నిజం అదే.

అరోనియన్ డి3 శకటును ఇ2కి వెనక్కి తెచ్చాడు. జి4 గుర్రం మీద దాడి, చూడ్డానికి సహజమైన ఎత్తు. దానికి ఆనంద్ ఇచ్చిన జవాబు ఈ ఆటలో అందరూ చప్పట్లు కొట్టే ఎత్తు. డి7లోని రెండో గుర్రాన్ని ఇ5లో, ఎఫ్4 బంటు నోటికి అందేలా పెట్టాడు. ఇప్పుడు నల్ల పావులు నాలుగు ఒకేసారి తెల్లవాళ్ళ చేతికి అందేంత దూరంలో ఉన్నాయి: ఎఫ్8 ఏనుగు, సి5 శకటు, జి4 గుర్రం, ఇ5 గుర్రం.

బంటు ఇ5 గుర్రాన్ని తింటే ఏమవుతుందో బల్ల మీద ఆడి చూడండి. మంత్రి డి4లో చెక్ చెబుతుంది. రాజు హెచ్1కి వెళ్తాడు. అప్పుడు మంత్రి నేరుగా జి1లోకి దిగి మళ్ళీ చెక్ చెబుతుంది. సి5 శకటు కాపలా ఉంది కాబట్టి రాజు దాన్ని తీసుకోలేడు, ఏనుగే తీసుకోవాలి. ఏనుగు జి1కి రాగానే జి4 గుర్రం ఎఫ్2లోకి దూకుతుంది. ఆట కట్టు. సొంత పావుల మధ్యే ఊపిరాడక రాజు ముగిసిపోతాడు. ఇందులో ఇంకో మెలిక ఉంది. తెల్ల మంత్రి సి2లో ఉంది, రెండో అడ్డువరుస వెంట వచ్చి ఎఫ్2 గుర్రాన్ని తినగలిగేదే. కానీ ఒక్క ఎత్తు ముందు అరోనియన్ శకటును ఇ2లో పెట్టి ఆ దారి తానే మూసుకున్నాడు. అంత సహజంగా కనిపించిన ఎత్తు వెనక ఈ గొయ్యి ఉంది. ఆనంద్ తయారుచేసిన ఉచ్చులో ఒక చెక్క ముక్కను అరోనియనే తెచ్చి బిగించాడు.

అరోనియన్ ఉన్నవాటిలో మెరుగైన దారి ఎంచుకుని, శకటుతో జి4 గుర్రాన్ని తీసుకున్నాడు. మళ్ళీ అదే సూత్రం. ఆనంద్ వెంటనే తిరిగి తీసుకోడు. ముందు సి5 శకటుతో డి4 బంటును తీసుకుంటూ చెక్ చెప్పాడు. రాజు హెచ్1 మూలకు వెళ్ళాకే ఇ5 గుర్రంతో జి4లో తీసుకున్నాడు. ఈ వరుసలో శకటు బోర్డు నడిమధ్యకు చేరింది, జి1 గడి మీద కాపలా పడింది. బి7 శకటు హెచ్1 మూలను చూస్తోంది, డి4 శకటు జి1 గడిని చూస్తోంది. తెల్ల రాజుకు ఇక ఎటూ కదిలే చోటు లేదు.

పందొమ్మిదో ఎత్తులో అరోనియన్ ఎట్టకేలకు ఎఫ్8 ఏనుగును తీసుకున్నాడు. ఆరు ఎత్తులపాటు తన కోసం ఎదురుచూసిన ఏనుగు అది. ఇప్పుడు తెల్ల గుర్రం ఎఫ్8లో ఉంది, నల్ల రాజు పక్కనే ఉన్నాడు, తీసుకుంటే లెక్క సగం సరిపోతుంది. ఆనంద్ ఎఫ్ బంటును రెండు గళ్ళు ముందుకు తోశాడు. చెక్ లేదు, పావు తీసుకోవడం లేదు, శబ్దం లేదు.

నా దృష్టిలో ఈ ఆటలో అన్నిటికన్నా గొప్ప ఎత్తు ఇదే. ఇ5 గుర్రాన్ని మెచ్చుకోవడం సులువు, అది మెరుస్తుంది. ఎఫ్5 బంటును మెచ్చుకోవడానికి కొంచెం ఆగి చూడాలి. తెల్లవాళ్ళకు మిగిలిన ఒకే ఒక్క ఎదురుదాడి సి2 మంత్రి ఐమూలగా హెచ్7కి దూకడం. ఎఫ్5 ఆ దారిని మూసేసింది. అదే బంటు జి4 గుర్రానికి కాపలా అయింది. రెండు పనులు చేస్తూ కూడా డి8 మంత్రి హెచ్4కి వెళ్ళే దారికి అడ్డు రాలేదు. తెల్ల గుర్రం అత్యాశకు పోయి ఇ6 బంటును తిని మంత్రి మీద, శకటు మీద ఒకేసారి దాడి చేసినా లాభం లేదు. మంత్రి హెచ్4కి వెళ్తుంది, హెచ్3 బంటుతో అడ్డుకుంటే జి3కి వచ్చి హెచ్2లో ఆట కట్టిస్తానంటుంది. తెల్లవాళ్ళు జి2 బంటును ముందుకు కదపాలన్నా కదపలేరు, దాని వెనక రాజు ఉన్నాడు, ఎదుట బి7 శకటు ఉంది.

అందుకే అరోనియన్ గుర్రాన్ని జి6కి తెచ్చి హెచ్4 గడికి కాపలా పెట్టాడు. అప్పుడు, ఇరవయ్యో ఎత్తులో, నల్ల మంత్రి మొదటిసారి కదిలింది. అంతదాకా అది పుట్టిన గడి వదల్లేదు. ఎఫ్6కి వచ్చి జి6 గుర్రాన్ని పట్టింది. అరోనియన్ హెచ్3 ఆడి జి4 గుర్రాన్ని అడిగాడు. ఆనంద్ దాన్ని అక్కడే వదిలేసి, మంత్రితో జి6 గుర్రాన్ని తీసుకున్నాడు. హెచ్3 బంటు జి4 గుర్రాన్ని తింటే మంత్రి హెచ్6కి జరిగి ఆట కట్టు. సి1 శకటు హెచ్6 దాకా చూడాల్సినదే, మధ్యలో ఎఫ్4 సొంత బంటు అడ్డం.

తెల్ల మంత్రి ఇ2కి వచ్చింది. ఆనంద్ మంత్రి హెచ్5కి వెళ్ళింది. ఈ స్థితిని బల్ల మీద ఒక నిమిషం చూడండి. హెచ్3 బంటు గుర్రాన్ని తీసుకోలేదు, తీసుకుంటే హెచ్ వరుసలో రాజు బయటపడతాడు. జి2 బంటు కదలలేదు, కదిలితే ఐమూలగా రాజు బయటపడతాడు. రాజుకు ఎదురుగా రెండు బంట్లున్నాయి, రెండూ కట్టేసినట్టే ఉన్నాయి. నల్ల మంత్రి హెచ్3 బంటును తినేస్తానంటోంది. దాన్ని కాచడానికి అరోనియన్ మంత్రి డి3కి వచ్చింది. మూడో అడ్డువరుస వెంట హెచ్3ని చూస్తూ, డి4 శకటును కూడా పట్టింది.

ఇరవై మూడో ఎత్తు. ఆనంద్ డి4 శకటును ఒక్క గడి కదిపి ఇ3లో పెట్టాడు. అక్కడ దాన్ని తెల్ల మంత్రీ తీసుకోవచ్చు, సి1 శకటూ తీసుకోవచ్చు. మంత్రి తీసుకుంటే గుర్రం మంత్రిని తీసుకుంటుంది. శకటు తీసుకుంటే హెచ్3 కాపలా తెగి, హెచ్3లో నల్ల మంత్రి దిగి రెండు ఎత్తుల్లో ఆట కడుతుంది. ఎవరూ తీసుకోకపోతే హెచ్3లో వెంటనే ఆట కట్టు, ఎందుకంటే ఇ3లో ఉన్నా ఆ శకటు అదే ఐమూల మీద ఉంది, జి1 మీద కాపలా సడలలేదు. ఒక్క గడి జరిగి అది తెల్ల మంత్రి చూపును తెంచింది, తన పాత కాపలానూ వదల్లేదు. అరోనియన్ అక్కడే ఓటమి ఒప్పుకున్నాడు. ఆ క్షణానికి బల్ల మీద లెక్క కడితే తెల్లవాళ్ళే ముందున్నారు. వాళ్ళకు రెండు ఏనుగులు, ఆనంద్‌కు ఒకటే.

ఇప్పుడు ఆటను వెనక్కి తిప్పి పావుల నడక లెక్కపెట్టండి. తెల్ల గుర్రం ఒక్కటే ఐదుసార్లు కదిలింది, ఒక బంటునూ ఒక ఏనుగునూ తిని జి6లో చచ్చింది. ఈలోగా సి1 శకటు, ఎ1 ఏనుగు పుట్టిన చోటే ఉండిపోయాయి. అవతల బి7 శకటు ఒక్కసారే కదిలింది, ఆఖరిదాకా జి2 బంటును కట్టి ఉంచింది. ఇంకో శకటు నాలుగుసార్లు కదిలింది, ఆ నాలుగూ ఆటను మలుపు తిప్పినవే. సి8 ఏనుగైతే పదకొండో ఎత్తు తర్వాత కదలనే లేదు. అరోనియన్ చేతినిండా తిన్నాడు, తిన్నంతసేపూ అతని మిగతా సైన్యం నిద్రలోనే ఉంది. ఆనంద్ తినాల్సినదాన్ని వాయిదా వేసిన ప్రతిసారీ ఆ ఎత్తుతో ఒక పావును సరైన గడికి చేర్చాడు. గెలుపు అక్కడుంది.

ఈ ఆట చూసి పాత చదరంగం తెలిసినవాళ్ళకు వెంటనే గుర్తొచ్చేది 1907లో నేటి పోలండ్‌లోని వుచ్ నగరంలో రోట్లెవి మీద అకిబా రూబిన్‌స్టీన్ గెలిచిన ఆట. ఆట ముగిశాక ఆనందే ఆ పోలిక చెప్పాడు. అక్కడా నల్ల పావులే గెలిచాయి, అక్కడా రెండు శకట్లు పక్కపక్క ఐమూలల మీంచి రాజును చూశాయి, జి4లో గుర్రం, హెచ్1లో రాజు. రూబిన్‌స్టీన్ తన మంత్రిని కూడా వదిలేసి, ఏనుగులతో 25 ఎత్తుల్లో ముగించాడు. ఇంకో బంధం కూడా ఉంది. ఆనంద్ ఆడిన మెరాన్ శాఖకు ఆ పేరు రావడానికి కారణం 1924లో మెరాన్ పట్టణంలో గ్రున్‌ఫెల్డ్ మీద రూబిన్‌స్టీన్ ఆడిన ఆటే. రెండు ఆటలూ పక్కపక్కన పెడితే తేడా తెలుస్తుంది. రూబిన్‌స్టీన్ ఏనుగులు ఎగిరిపడతాయి. ఆనంద్ ఏనుగుకు ఆ అవసరమే రాలేదు, తక్కువ పావులతో, తక్కువ అలజడితో అదే పని అయింది.

ఒక విమర్శ వినిపిస్తుంది. ఇందులో కొంత ఇంటి దగ్గర సిద్ధం చేసుకున్నదే కదా, కంప్యూటరు సాయం ఉంది కదా అని. నిజమే. 2012లో మాస్కోలో గెల్ఫాండ్‌తో జరిగిన ప్రపంచ టైటిల్ పోరు కోసం తయారుచేసుకున్న ఆలోచనలు ఇందులో ఉన్నాయని ఆనంద్ దాచలేదు. అయితే కంప్యూటరు అంకెలు చెబుతుంది, నెలల తరబడి వాటిలోంచి మనిషి ఆడగల ఆటను ఏరుకోవాల్సింది మనిషే. ఎదురుగా అరోనియన్ కూర్చుని, పక్కన గడియారం నడుస్తుండగా, నాలుగు పావులను గాల్లో వదిలి నిబ్బరంగా ఉండగలగడానికి ఆ పావులు ఏం చేస్తాయో లోతుగా అర్థమై ఉండాలి. కంఠస్థం చేసినవాడు ఎదురు ఎత్తు మారగానే తడబడతాడు. ఆనంద్ తడబడలేదు.

ఆ టోర్నీలో అరోనియన్ కుంగిపోలేదు, 8.5 పాయింట్లతో రెండో స్థానంలో ముగించాడు. ఆనంద్ అదే ఏడాది నవంబరులో చెన్నైలో కార్ల్‌సన్‌కు ప్రపంచ టైటిల్ వదులుకున్నాడు. టైటిళ్ళు చేతులు మారతాయి. ఈ ఆటకు మాత్రం ఆ లెక్కతో పనిలేదు.

ఇప్పటి అభిమానికి సదుపాయాలు ఎక్కువ. ఫోను తెర పక్కన ఒక అంకె కదులుతూ ఎవరిది పైచేయో చెప్పేస్తుంది. ఆ అంకె చూస్తూ ఆట చూసినవాడికి ఎవరు గెలుస్తారో ముందే తెలుస్తుంది, ఎందుకన్నది ఎప్పటికీ తెలియదు. నా సలహా ఒకటే. ఆ అంకెను మూసేయండి. ఈ ఆటను బల్ల మీద పరిచి, పదిహేను, పదహారు, పందొమ్మిది, ఇరవై మూడో ఎత్తుల దగ్గర ఆగి, మీరైతే ఏం ఆడతారో ముందు చెప్పుకుని తర్వాత చూడండి. తీసుకోవాలనిపించిన ప్రతిచోటా ఆనంద్ ఏం చేశాడో గమనించండి. వచ్చే జనవరిలో విక్ ఆన్ జీ ఆటలు మొదలయ్యేటప్పుడు అర్జున్ ఎత్తులైనా, ఇంకెవరి ఎత్తులైనా వేరే కళ్ళతో చూస్తారు.